సెలవూ, సర్దుబాటూ

తెలుగులో ‘సెలవు’ అని ఒక మాటుంది. చూడబోతే మూడక్షరాలే గాని దాని హోదా చాలా పెద్దది. పెద్దమనిషి నోరు విప్పితే ‘సెలవిచ్చారు’ అంటాం. అదే మాట మనబోటివాడు అంటే ‘కూశాడు’ అంటారు. చుట్టం లేచి చెప్పులేసుకుంటూ ‘ఇక సెలవు’ అంటాడు. గుమాస్తా చీటీ రాసి సెలవు పెడతాడు, ఆఫీసరు సెలవు ఇస్తాడు. ఎటు తిప్పి చూసినా ఆ మాటలో ఒకరు ఇచ్చేవారు, ఒకరు చేయి చాచేవారు. ఇచ్చేవారు కుర్చీలో ఉంటారు. చాచేవారు గుమ్మంలో ఉంటారు.

మా నాయుడుపేటలో ఈ మాటకు ఇంకో తిరకాసుంది. దక్షిణానికి పోయే రైలెక్కితే సూళ్ళూరుపేట, తడ దాటగానే అరవదేశం. అక్కడ ‘సెలవు’ అంటే ఖర్చు. మా వైపు పాతకాలపువాళ్ళు కూడా ‘పెళ్ళికి శానా సెలవైంది’ అనడం కద్దు. కనుక కూలిమనిషి తెలుగులో సెలవడిగితే యజమానికి అది అరవంలో వినిపిస్తుంది! హాస్యానికి అంటున్నానని తోసెయ్యకండి. గర్భిణికి కాన్పు సెలవు, కాలో కన్నో దెబ్బతిన్నవాడికి వేరే పని, పండగపూట దేవుడికి ఒక గంట. వీటి చరిత్ర కాస్త తిరగేసి చూస్తే వందేళ్ళుగా నడుస్తున్నది ఈ రెండు భాషల తగాదాయేనని తెలిసిపోతుంది.

చట్టాలు రాకముందు ఏముండేది? నాగా ఉండేది. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలీదు కాబోలు. పాలేరుకు ఏడాదికి ఇన్ని తూముల వడ్లని మాట్లాడుకునేవారు. జ్వరమొచ్చి పడుకున్న దినం నాగా. కూతురి పెళ్ళి దినం నాగా. తల్లి పోయిన దినమూ నాగాయే. ఏడాది చివర లెక్క చూసినప్పుడు ఆ నాగాలన్నీ కొలిచే వడ్లలోంచి జారిపోయేవి. లేదంటే తన బదులు తమ్ముణ్ణో కొడుకునో పంపాలి. ఇందులో యజమాని దుర్మార్గుడేమీ కానక్కరలేదు. జ్వరమొస్తే కషాయం కాచి పంపే ఇల్లాళ్ళూ ఉన్నారు, పెళ్ళికి బస్తా బియ్యం ఇచ్చే ఆసాములూ ఉన్నారు. కాని అదంతా దయ. దయకు రశీదు ఉండదు. ఈ ఏడు ఇచ్చినది వచ్చే ఏడు ఇవ్వకపోతే అడిగే చోటు లేదు.

ఎద్దులకు మాత్రం ఖాయంగా సెలవుండేది. అమావాస్యనాడు కాడి కట్టరు. నేతపనివారిలో, వడ్రంగి కమ్మరాది చేతిపనులవారిలో కూడా అమావాస్యనాడు పనిముట్టు ముట్టని ఆచారం ఉంది. ఎద్దుకు నోరు లేదు గనుక దాని తరఫున శాస్త్రం మాట్లాడింది. పాలేరుకు నోరుంది గనుక ఎవరూ మాట్లాడలేదు.

ఇక కాన్పు సంగతి. తొలి కాన్పు పుట్టింట జరగాలని మన ఆచారం. సీమంతం చేసి కూతుర్ని పిలుచుకుపోతారు. పురుడు పోసుకున్నాక పత్యం పెట్టి, కాయం తినిపించి, మూడో నెలకో అయిదో నెలకో బిడ్డతో సహా అత్తారింట దిగబెడతారు. ఎవరూ చట్టమని పిలవకపోయినా ఇది మంచి ప్రసూతి సెలవే. లెక్క వేస్తే ఇప్పటి ఇరవైయారు వారాలకు దగ్గరగా వస్తుంది. కాని ఇది గాదెలో గింజలున్న ఇళ్ళ ముచ్చట. నాట్లకూ కలుపుకూ పోయే ఆడమనిషికి పుట్టింటివాళ్ళూ కూలివాళ్ళే. అక్కడ కూర్చుని తింటే అక్కడా జరగదు. పురిటిస్నానం అయిందనిపించి బిడ్డను పాతచీర ఉయ్యాలలో వేసి గట్టుమీద చెట్టుకొమ్మకు వేలాడదీసి మళ్ళీ మడిలో దిగినవాళ్ళు మా వైపు ఏ ఊళ్ళో అడిగినా ఉంటారు. “ఏమ్మే, అప్పుడే వచ్చేసినావే?” అంటే “ఇంట్లో ఉంటే కూలెవురిస్తారు సామీ” అనేది జవాబు. ఈ జవాబుకు బదులు చెప్పడానికే చట్టాలు పుట్టాయి. చెప్పగలిగాయా అన్నది తరవాత చూద్దాం.

ఆ చట్టం తొలి చూలు సముద్రం అవతల జరిగింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి మహాసభ వాషింగ్టన్‌లో జరిగినప్పుడు ప్రసూతి రక్షణకని ఒక ఒప్పందం రాశారు. ఫ్యాక్టరీల్లో, వ్యాపార సంస్థల్లో పనిచేసే స్త్రీకి కాన్పుకు ముందు ఆరు వారాలు, తరవాత ఆరు వారాలు విశ్రాంతి. ఆ రోజులకు బతకడానికి భత్యం. పనిలోకి వచ్చాక బిడ్డకు పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు అరగంట. ఇండియా సర్కారు ఆ ఒప్పందానికి తల ఊపలేదు. 1924లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ఒక బిల్లు తెచ్చాడు. అది నెగ్గలేదు.

తరవాత నాలుగేళ్ళకు, 1928 జూలైలో, బొంబాయి శాసనమండలిలో ఇలాంటి బిల్లే చర్చకు వచ్చింది. అప్పుడు మాట్లాడిన సభ్యుల్లో డాక్టర్ అంబేద్కర్ ఒకరు. ఆయన వాదన సూటిగా ఉంది. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే క్షేమం, కాబట్టి ఆ భారం చాలామటుకు ప్రభుత్వం మోయాలన్నారు. అలాగని యజమాని చేతులు దులుపుకుపోవడానికి వీల్లేదన్నారు. కొన్ని పరిశ్రమల్లో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళను పెట్టుకుంటే అతనికి లాభం గనుకనే పెట్టుకుంటున్నాడు, ఆ లాభంలోంచి కొంత తీయమనడం న్యాయమే గదా అని. చూశారా, ఖర్చు భాషలో మాట్లాడేవాడికి ఖర్చు భాషలోనే జవాబు! 1929లో బొంబాయి చట్టం వచ్చింది. 1934లో మద్రాసు శాసనసభ తన చట్టం చేసింది. కొద్ది వారాల విశ్రాంతి, రోజుకు కొన్ని అణాలు. మా నాయుడుపేట అప్పట్లో మద్రాసు రాజధానిలో నెల్లూరు జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చేదాకా మేమంతా మద్రాసు చట్టాల కిందివాళ్ళమే.

చట్టమైతే వచ్చింది గాని మా వైపు ఫ్యాక్టరీ ఏదీ? ఉన్నదల్లా ఉత్తరాన గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల అభ్రకం. జనం దాన్ని కాకిబంగారం అంటారు. నేలలోంచి అచ్చులు అచ్చులుగా తీసి, పొరలు విడదీసి, కత్తెరతో అంచులు కత్తిరించి, దళసరినిబట్టి వేరుచేసి పెట్టెల్లో సర్ది పైదేశాలకు పంపేవారు. ఇస్త్రీపెట్టె మొదలుకొని రేడియోల దాకా కరెంటుతో నడిచే చాలా వస్తువులకు అభ్రకం కావలసి వచ్చేది. రెండో ప్రపంచయుద్ధంలో దానికోసం దేశాలు ఎగబడ్డాయి. పొరలు విడదీసే పనిలో ఆడవాళ్ళ చేతులు ఎక్కువ. వేలికొసతో తడిమి పొర ఎక్కడ విడుతుందో కనిపెట్టాలి. ఓపిక పని. ఆడవాళ్ళ కూలి తక్కువ అన్నది ఇంకో కారణం. దాన్ని ఎవరూ పైకి చెప్పరు.

గనుల్లో పనిచేసే స్త్రీలకు 1941లో వేరే ప్రసూతి చట్టం వచ్చింది. ఇక్కడ ఒక చిత్రం గమనించాలి. గని దగ్గరి పాకలో కూర్చుని పొరలు తీస్తే ఆమె గని మనిషి. అదే అభ్రకాన్ని పట్నం షెడ్డులో కూర్చుని తీస్తే ఫ్యాక్టరీ మనిషి. ముక్కలు ఇంటికి తెచ్చుకుని అరుగుమీద కూర్చుని తూకం లెక్కన తీస్తే ఆమె ఎవరూ కాదు. కడుపు ఒకటే, కాకిబంగారం ఒకటే. చట్టం మాత్రం మూడు రకాలు. 1946లో అభ్రకం గని కార్మికుల సంక్షేమానికని ఒక నిధి చట్టం చేశారు. మా జిల్లాలో కలిచేడులో ఆ నిధిమీద ఒక ఆస్పత్రి నడిచింది.

ఆ రోజుల్లోనే దేశంలో కార్మికుల స్థితిగతులు విచారించడానికి రేగే కమిటీ అని ఒకటి వేశారు. 1944లో మొదలై 1946లో నివేదిక ఇచ్చింది. ప్రసూతి చట్టాలు ఎలా అమలవుతున్నాయో చూస్తూ అది కనిపెట్టిన సంగతి ఒకటి చెప్పుకోదగ్గది. ఖర్చు తప్పించుకోవడానికి కొందరు యజమానులు గర్భచిహ్నాలు కనపడగానే మనిషిని పనిలోంచి తీసేస్తున్నారు. మరికొందరు ఇంకాస్త ముందుచూపుతో పెళ్ళికాని పిల్లల్ని, వితంతువుల్ని, కాన్పుల వయసు దాటినవాళ్ళనే చూసి చూసి పెట్టుకుంటున్నారు. చట్టం తల్లికోసం రాశారు గదా, తల్లులే లేకుండా చేసుకుంటే సరిపోలా! ఈ యుక్తిని కాస్త గుర్తుంచుకోండి. దీనితో మళ్ళీ పనిపడుతుంది.

స్వాతంత్య్రం వచ్చాక రాష్ట్రానికొక చట్టం బదులు 1961లో దేశమంతటికీ ఒకటే ప్రసూతి చట్టం చేశారు. పన్నెండు వారాలు, పూర్తి జీతం, సెలవులో ఉన్న మనిషిని తీసెయ్యకూడదన్న కట్టడి, బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలకోసం రోజుకు రెండు విరామాలు. వాషింగ్టన్‌లో రాసిన పన్నెండు వారాలు మనదాకా రావడానికి 42 ఏళ్ళు పట్టింది. ఎడ్లబండి మీద బయల్దేరినా ముందే వచ్చేది. వచ్చిందేదో వచ్చింది గాని గుమ్మం దగ్గర ఒక లెక్క పెట్టారు. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో ఆ యజమాని దగ్గర 160 రోజులు పనిచేసి ఉండాలి. మా వైపు బియ్యం మిల్లుల్లో ఉప్పుడువడ్లు కళ్ళంమీద ఎండబోసి కాళ్ళతో తిరగదోసే ఆడవాళ్ళున్నారు. పని ఉంటే పిలుస్తారు, లేకుంటే లేదు. ఇవాళ ఈ మిల్లు, రేపు ఆ మిల్లు. పట్టీలో పేరే సరిగా పడనివాళ్ళకు 160 దినాలు ఎవరు లెక్కపెట్టి ఇస్తారు? 1988లో ఆ సంఖ్యను 80కి దించారు. కొంత నయం. ఐనా లెక్క లెక్కే.

కూలివాళ్ళకే ఈ కష్టాలు, చదువుకున్నవాళ్ళకు లేవనుకుంటే పొరపాటు. ఆకాశంలో తిరిగే ఎయిర్ హోస్టెస్‌ల సంగతి చూడండి. ఎయిర్ ఇండియాలో వాళ్ళకు ఒక నిబంధన ఉండేది. 35 ఏళ్ళు నిండినా, చేరిన నాలుగేళ్ళలోపల పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఉద్యోగం సరి. 1981 ఆగస్టులో సుప్రీంకోర్టు గర్భం తాలూకు నిబంధనను కొట్టేసింది. అది క్రూరమని, భారతదేశపు స్త్రీత్వానికే అవమానమని గట్టిగా మందలించింది. సంతోషమే. కాని అదే తీర్పులో నాలుగేళ్ళ పెళ్ళి నిషేధాన్ని సమర్థించింది. మొదటి గర్భానికి బదులు మూడో గర్భానికి ఉద్యోగం తీసేస్తామన్న సవరణ మాత్రం సబబే అంది. అవి కుటుంబనియంత్రణ ఎర్రత్రికోణం ప్రతి గోడమీదా వెలిగిన రోజులు లెండి. ఆ మూడో బిడ్డకు న్యాయం దొరకడానికి 2025 మే దాకా ఆగాల్సి వచ్చింది. తమిళనాడులో ఒక ప్రభుత్వ ఉపాధ్యాయినికి రెండో పెళ్ళి తరవాత పుట్టిన బిడ్డ లెక్కలో మూడో బిడ్డయింది. సెలవు లేదన్నారు. ఆమెకు సెలవు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది.

జీవితబీమా కార్పొరేషను కథ ఇంకా విడ్డూరం. చేరబోయే అమ్మాయిల చేత నింపించే డిక్లరేషనులో నెలసరి ఎప్పుడెప్పుడు వస్తుంది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని గడులుండేవి. మనిషి ఆయుర్దాయం మీద వ్యాపారం చేసే సంస్థ గనుక ఆమాత్రం కుతూహలం సహజమనుకున్నారో ఏమో! ఒక అమ్మాయి ఆ గడుల్లో నిజం రాయలేదని ప్రసూతి సెలవులో ఉండగానే ఉద్యోగంలోంచి తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను మళ్ళీ చేర్చుకోమంది. ఆ గడులు సిగ్గుపడవలసినవి, తీసెయ్యమంది.

ఇక బస్సు సంగతికి వద్దాం. మా ఊరు మద్రాసు–కలకత్తా రోడ్డుమీద ఊరు. శ్రీకాళహస్తికీ తిరుపతికీ ఇక్కడే మళ్ళాలి. కాబట్టి మాకు బస్సుల భాష బాగా తెలుసు. ముగ్గురు కూర్చునే సీటులో నలుగురు కూర్చోవడానికి తెలుగువాడు కనిపెట్టిన మంత్రం ఒకటుంది: ‘కాస్త సర్దుకోండి’. ఈ మాట విని కసురుకున్నవాడు కూడా చివరికి ఒక అంగుళం జరుగుతాడు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం యజమానికి చెప్పిన మాట సరిగ్గా ఇదే. ఇంగ్లీషులో దానికి రీజనబుల్ అకామడేషన్ అని గంభీరమైన పేరు పెట్టారు. మన భాషలో తగిన సర్దుబాటు. మోయలేని భారం కానంత మేరకు, ఆ మనిషి తక్కినవాళ్ళతో సమానంగా పనిచెయ్యడానికి కావలసిన మార్పులు చెయ్యి అని దాని భావం. మెట్లుంటే వాలుదారి కట్టు, కాగితం చదవలేకపోతే చదివి వినిపించే ఏర్పాటు చెయ్యి. ఉద్యోగంలో ఉండగా అవిటితనం వస్తే తీసెయ్యకు, జీతం తగ్గించకుండా వేరే పనిలోకి మార్చు అన్నది మాత్రం అంతకుముందే, 1995 చట్టంలోనే ఉంది.

ఐతే ఈ సర్దుబాటు పార్లమెంటుకన్నా ముందే మన ఆర్టీసీలో కాగితం మీదికెక్కింది. చాలామందికి తెలియని ముచ్చట ఇది. బస్సు డ్రైవరుకు కళ్ళు ప్రాణం. సర్వీసులో ఉండగా మధ్యమధ్య కంటిపరీక్ష చేస్తారు. అందులో ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదని తేలితే స్టీరింగు ముట్టనివ్వరు. ముట్టనివ్వకూడదు కూడా. ఎదురుగా ఎర్రలైటు పడింది ఎర్రగా కనిపించకపోతే వెనక కూర్చున్న యాభైమంది సంగతేమిటి? కాని ఆ మనిషి సంగతేమిటి అన్న ప్రశ్నా ఉంది. రంగులు తెలియకపోవడం తాగుబోతుతనం కాదు, బద్ధకం కాదు. 1979 డిసెంబరు 17న ఆర్టీసీ యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య కుదిరిన ఒప్పందంలో 14వ క్లాజు ఈ ప్రశ్నకే జవాబు. రంగులు గుర్తించలేక అన్‌ఫిట్ అయిన డ్రైవర్లకు సంస్థలోనే వేరే ఉద్యోగం ఇవ్వాలి, జీతానికి నష్టం రాకూడదు.

బేరమాడి రాసుకున్న ఆ ఒక్క వాక్యం ముప్పయ్యయిదేళ్ళు ఫైళ్ళలో పడుకుంది. 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒకాయనను, పరీక్షలో రంగుల తేడా తెలీదని తేలాక, 2016 జనవరిలో ఆరోగ్యకారణాల కింద రిటైరు చేశారు. వేరే ఏ పనైనా ఇవ్వండి మహాప్రభో అని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. ఖాళీ లేదు, రూల్సు లేవు అన్నారు. మధ్యలో రాష్ట్రం విడిపోయింది, ఆర్టీసీ రెండయింది, ఆయన తెలంగాణ వాటాకు వచ్చాడు. హైకోర్టులో ఒక జడ్జీ ఆయన పక్షాన తీర్పిచ్చారు. అప్పీలులో అది తిరగబడింది. 1979 ఒప్పందం తరవాత 1986లో ఇంకో ఒప్పందం జరిగింది గనుక పాతది చెల్లిపోయిందని సంస్థ వాదన. రంగులు తెలియకపోవడం వికలాంగుల చట్టం జాబితాలో లేదని ఇంకో వాదన. చూశారా, జాబితా! అభ్రకం పాకనుంచి బస్సు డిపో దాకా ఇదే పాట.

2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఈ రెండూ తోసేసింది. చట్టం జాబితాలో ఉన్నా లేకున్నా మీరు సంతకం పెట్టిన ఒప్పందం ఉంది గదా అంది. వేరే పని లేదని చెప్పేముందు ఉందేమోనని వెతికారా, వెతికిన దాఖలా ఏదీ అని అడిగింది. తగిన ఉద్యోగంలో వేసుకోమని, తీసేసిన రోజునుంచి రావలసినదాంట్లో నాలుగోవంతు ఇమ్మని ఆజ్ఞాపించింది. తొమ్మిదిన్నరేళ్ళు. నా ఉద్దేశం అడిగితే, ఈ తీర్పులో గొప్ప మాట ‘వెతికారా’ అన్నదే. ఖాళీ లేదని చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. వెతకడానికి లేచి నాలుగు గదులు తిరగాలి. ఇదే బాధ రాజస్థాన్ ఆర్టీసీ డ్రైవర్లకు చూపు తగ్గినప్పుడూ వచ్చింది. ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ దుమ్ములో, ఎదురు లైట్ల వెలుగులో బండి నడిపితే చూపు చెడక ఏమవుతుంది, వాళ్ళకు వేరే పనులు చూపించమని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పి ఉంది.

మతం మాట వచ్చేసరికి మనవాళ్ళు గొంతు తగ్గిస్తారు గాని, పనిచోట దేవుడికి చోటిచ్చే విషయంలో మన దేశం మరీ పిసినారిది కాదు. అసలు ఆదివారం సెలవే ఒక సర్దుబాటు. దొరలకు చర్చి ఉంది గనుక ఆదివారం వాళ్ళకు విశ్రాంతి. మిల్లు కూలీలకు లేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే కార్మిక నాయకుడు బొంబాయిలో ఏళ్ళపాటు పోరాడగా 1890 జూన్ 10న మిల్లుయజమానులు ఒప్పుకున్నారు. ఆదివారం మా ఖండోబా దేవుడి వారం అన్నది ఆయన వాదనల్లో ఒకటని చెబుతారు. ఖండోబా అంటే మన మల్లన్నకు దగ్గరివాడే. దొర దేవుడి పేరు చెప్పుకుని మన దేవుడు కూడా సెలవు సంపాదించాడన్నమాట. మన రాష్ట్రంలో ఫ్యాక్టరీల్లో, సంస్థల్లో జాతీయ దినాలకూ పండగలకూ జీతంతో సెలవు ఇవ్వాలని 1974లో చట్టం చేశారు. రంజాను నెలలో ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందే ఇళ్ళకు పోవచ్చని 2025లో రెండు తెలుగు ప్రభుత్వాలూ ఉత్తర్వులిచ్చాయి. ఆ గంటకు వ్యతిరేకంగా అక్కడక్కడా సణుగుడు వినిపిస్తుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళ బట్టకూ, గడ్డానికీ, చెప్పులు లేని కాళ్ళకూ ఆఫీసుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పరు. చెప్పకపోవడమే మంచిది. ఆ గంటనూ అలాగే చూస్తే సరి. సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి తలుపులు వెయ్యరు. ఆ అమ్మకు మాత్రం ఏ పండక్కూ సెలవు లేదు, పాపం.

ఇప్పుడు నాయుడుపేట మారింది. 2022 ఏప్రిల్ నుంచి నెల్లూరు పోయి తిరుపతి జిల్లా అయింది. మేనకూరు వైపు ఫ్యాక్టరీలు వచ్చాయి. తడ దగ్గర మాంబట్టులో బూట్ల ఫ్యాక్టరీ, ఆ పక్క శ్రీసిటీ. తెల్లవారుజామున కంపెనీ బస్సులు ఊరూరా ఆగి ఆడపిల్లల్ని ఎక్కించుకుపోతుంటాయి. వాళ్ళ అమ్మమ్మలు నాట్లు నాటినవాళ్ళు. వీళ్ళకు పట్టీలో పేరుంది, మెడలో గుర్తింపు కార్డుంది. 2017లో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు ఇరవైయారు వారాలైంది. యాభైమంది పనిచేసేచోట పసిబిడ్డల గది ఉండాలన్నారు. 1961 నాటి చట్టం స్థానంలో ఇప్పుడు సాంఘిక భద్రతా కోడ్ వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. ఇరవైయారు వారాలు అందులోనూ ఉన్నాయి.

అయితే ఆ డబ్బంతా ఎవరిస్తారు? ఈ.ఎస్.ఐ. ఉన్నచోట ఆ నిధి ఇస్తుంది. లేనిచోట యజమానే. పెద్దలకు ఇక్కడే అరవం వినిపించడం మొదలవుతుంది. 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం వేసింది. తమిళనాడు శ్రీపెరుంబుదూరులో ఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పెళ్ళైన ఆడవాళ్ళను పనిలోకి తీసుకోవడం లేదని, ఇంటి బాధ్యతలు, కాన్పులు, ఎక్కువ నాగాలు అందుకు కారణాలని. అలాంటి వివక్ష మేం చెయ్యమని కంపెనీ గట్టిగా కాదంది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడును నివేదిక అడిగింది. నిజానిజాలు తేల్చేవాళ్ళు తేలుస్తారు. నాకు మాత్రం ఆ వార్త చదివినప్పుడు రేగే కమిటీ గుర్తొచ్చింది. 1946లో అభ్రకం, నూలు, టీ. 2024లో ఫోన్లు. అంబేద్కర్ 1928లో ఆ భారం చాలామటుకు ప్రభుత్వం మోయాలన్నది ఊరికే అన్నమాట కాదు. మొత్తం ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పెడితే అతను తల్లిని గుమ్మంలోనే ఆపేస్తాడు. ఈ మాట అంటే యజమానుల పక్షం అనుకుంటారేమో. కాదు, ఆ బస్సెక్కే పిల్ల పక్షమే.

పట్టీలో పేరు లేనివాళ్ళ మాట కూడా ఒక్కసారి కోర్టుదాకా వెళ్ళింది. ఢిల్లీ మునిసిపాలిటీలో రోడ్లు తవ్వే దినకూలీ ఆడవాళ్ళు, పర్మనెంటు వాళ్ళకిచ్చే కాన్పు సెలవు మాకూ కావాలన్నారు. మీరు మస్టరు రోలు మనుషులు, మీకు లేదన్నారు. 2000 మార్చి 8న, మహిళాదినం నాడే, సుప్రీంకోర్టు వాళ్ళకూ ఉందని తీర్పిచ్చింది. పలుగూ పారా పట్టిన గర్భిణికి విశ్రాంతి ఇంకా ఎక్కువ అవసరం అన్నది అందులో సారాంశం. అది మునిసిపాలిటీ గనుక పట్టుకోవడానికి ఒక యజమాని దొరికాడు. మా వైపు నాట్లకు పోయే మనిషికి ఆ నెలలో పది మంది ఆసాములు. ఎవరి దగ్గర 80 దినాలు చూపిస్తుంది?

పొలం పనివాళ్ళకు కాస్త దగ్గరగా వచ్చింది 2005 నాటి ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే దాన్ని మొదలుపెట్టారు. అందులో ఒక చిన్న ఏర్పాటుండేది. పనిచోటికి తల్లులతో పాటు ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురో అంతకు మించో వస్తే, ఆ పనివాళ్ళలోనే ఒకామెను పిల్లల్ని చూసుకోవడానికి పెట్టాల్సి ఉండేది. చెట్టునీడన పిల్లల్ని ఆడిస్తూ కూర్చునే ఆమెకు ఎండలో మట్టి తవ్వే ఆమెతో సమానంగా కూలి. మస్టరులో ఇద్దరికీ ఒకే హాజరు పడేది.